బీరువాలో ఉయ్యాల చీర

పుంగనూరు కుట్టు షెడ్డులో దూది నేలమీద నిలిచేది కాదు. మూలన కూర్చుని గఫూర్ సాయిబు దూదేకే విల్లు మీటితే చాలు, టంగు టంగుమనే ఆ చప్పుడుకు లేచి, రేకుల సందుల్లోంచి పడే ఎండలో తేలుతూ ఉండేది. మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆ చప్పుడు వింటూ మైమూన్ బీ కళ్ళు మూతలు పడేవి. చేతిలో సూది మాత్రం తన దారిన తాను నడిచేది.

"ఖాలా నిద్రలో కుట్టిందే బాగుంటాది. మెలకువగా కుట్టి చెడగొట్టేది మనమే" అని, ఆమెను పిన్ని వరసపెట్టి పిలిచే రబియా పక్కన కూర్చుని నవ్వేది.

ఆ సగం నిద్రలో, దూది తెరల వెనక, మైమూన్ బీకి కూతురు సుగ్రా కనిపించేది. సుగ్రా మూడేళ్ళు నిండకుండానే జ్వరం వచ్చి పోయింది. ఆ తర్వాత మొగుడు బెంగుళూరు పోయి తిరిగి రాలేదు. ఇల్లంటే నాలుగు గోడలు, ఒక రేకు పెట్టె. మనుషులంటే ఈ షెడ్డే. అందుకే పొద్దున అందరికంటే ముందు వచ్చి, సాయంత్రం తాళం వేసే దాకా ఉండేది. ఆదివారాలు ఆమెకు గడిచేవి కావు.

షెడ్డును డెబ్బై రెండులో ఒక తెల్ల దొరసాని పెట్టింది. సముద్రం అవతలి పుణ్యాత్ములెవరో ఏటేటా సాయం పంపేవారు. దాంతో గుడ్డా దూదీ కొని, వీళ్ళు బొంతలు కుట్టి, ఆసుపత్రులకూ దిక్కులేని పిల్లలకూ ఊరికే పంచేవారు. ఏడాదికోసారి ఫోటోలు తీసి పంపాలి. ఫోటో రోజున అందరూ ఉన్నవాటిలో పాతచీర కట్టుకుని రావాలి, నవ్వకూడదు. రబియాకు నవ్వు ఆగేది కాదు. ఆమెను ఎప్పుడూ వెనక వరసలో నిలబెట్టేవారు.

దానం చేసే చెయ్యి ఎప్పటికీ చాచే ఉంటుందనుకోవడం మన పిచ్చి. ఎనభై మూడు వానాకాలంలో కబురొచ్చింది. ఆ పుణ్యాత్ములకు వేరే దేశంలో వేరే కరువు కనిపించిందట, వచ్చే సంక్రాంతి దాటితే ఇక సాయం లేదు. ఆ రోజు గఫూర్ సాయిబు విల్లు గోడకు తగిలించి ఊరికే కూర్చున్నాడు. షెడ్డులో దూది మొదటిసారి నేలమీదికి దిగింది. రేపట్నుంచి ఎక్కడికి వచ్చి కూర్చోవాలి అన్నదొక్కటే మైమూన్ బీకి దిగులు.

అప్పుడు వచ్చాడు నరసింహప్ప. నిమ్మనపల్లె మనిషి, మదనపల్లె సర్కారు ఆసుపత్రి స్టోర్సులో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఈ షెడ్డు బొంతలు ఎన్నో ఆయన చేతిమీదుగా రోగులకు చేరాయి. కబురు విని బస్సెక్కి వచ్చి, గుమ్మంలోనే చెప్పులు విడిచి చెప్పాడు.

"అమ్మా, సాయమొచ్చే కాలం అయిపాయె. ఇంక మనం గవర్నమెంటుతో బేరం చెయ్యాల. కుప్పం హాస్టళ్ళకు మూడు వందల బొంతలు కావాలని టెండరు పిలిచినారు. మీరూ వేద్దురు రాండి."

"వాళ్ళు మాకు యాల ఇస్తారప్పా? మేము యాడ, కంట్రాక్టర్లు యాడ?" అంది రబియా.

"ఇయ్యరు. గెలుసుకోవాల."

సరే, అర్జీ రాయమంటే రబియా చెబుతూ పోయింది. మైమూన్ ఖాలాకు దిక్కెవరూ లేరు, గఫూర్ సాయిబుకు దగ్గు, తన మొగుడికి తాగుడు, వాన పడితే షెడ్డు కారుతుంది... ఇన్నేళ్ళూ ఏటేటా చెప్పి ఆరితేరిన కథ. నరసింహప్ప ఓపికగా విని కొట్టేయమన్నాడు.

"మీ కష్టం వాళ్ళకు పనికిరాదమ్మా. గుడ్డ యాడిది, దూది ఎంత, ఏ పొద్దుకు ఇస్తారు, అంతే. దానం అడిగేటప్పుడు లేనిది సూపించాల. టెండరు కాడ ఉండేది సూపించాల."

ఆడవాళ్ళు చిన్నబుచ్చుకున్నారు. పదేళ్ళకు పైగా చెల్లిన సరుకు ఒక్కమాటతో చెల్లకుండా పోతే ఎవరికి మాత్రం బాధ ఉండదు? ఉండేది చూపించమంటే వాళ్ళకు ఏం చూపించాలో తోచలేదు.

"శాంపిల్ కుట్టండి" అన్నాడు నరసింహప్ప. "ఒక్క బొంత. దాన్ని ఆఫీసులో అరక్కు, అదే ఎర్రలక్క, పోసి సీలేసి పెట్టుకుంటారు. సరుకంతా దానిమాదిరే ఉండాల. కాబట్టి మీ దగ్గర ఉండేదాంట్లో మేలైందే పెట్టండి."

మైమూన్ బీ ఆ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంది.

వాళ్ళ బొంతల్లో ఒక పద్ధతి ఉంది. పిల్లలకు కుట్టే బొంతలో తలవైపు మూలన, దూది కింద, తల్లి కట్టి విడిచిన చీర ముక్క జానెడు పెడతారు. దాన్ని తల్లిపేలిక అంటారు. ఆ వాసనకు బిడ్డ తల్లి ఒళ్ళో ఉన్నట్టు నిద్రపోతుందని నమ్మకం. పూర్తిగా కొత్త గుడ్డలో బిడ్డను పడుకోబెట్టడం మంచిది కాదని భయం కూడా. తల్లి లేని పిల్లలకు, తల్లికి దూరంగా ఉన్న పిల్లలకు, కుట్టే ఆడమనిషే తన చీర చింపి పెడుతుంది. ఊరికే పంచిన పిల్లల బొంతలన్నిటిలోనూ పెట్టారు. బూడిదనీళ్ళలో ఉడకబెట్టి, ఎండబెట్టి, శుభ్రంగా పెట్టారు. ఎంత ఉడికినా తల్లి వాసన పోదని వాళ్ళ నమ్మకం. ఇది నరసింహప్పకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. కూరలో ఉప్పు వేశామని ఎవరైనా చెబుతారా?

ఆ సాయంత్రం మైమూన్ బీ రేకు పెట్టె తెరిచింది. అడుగున ఆకుపచ్చ చీర ఉంది, మీద పసుపు చుక్కలు. ఒకప్పుడు ఆమె కట్టుకున్నదే. తర్వాత దూలానికి ఉయ్యాల కట్టింది. సుగ్రా అందులోనే పడుకుంది, అందులోంచే కాళ్ళు బయటపెట్టి నవ్వింది, ఆఖరి జ్వరమూ అందులోనే. పదమూడేళ్ళుగా దాన్ని మడత విప్పలేదు. మేలైంది పెట్టమంటే తన దగ్గర ఇంతకంటే మేలైంది ఏముంది? చించితే చప్పుడవుతుందని, ఆ చప్పుడు తాను వినలేనని, నీళ్ళలో తడిపి మెల్లగా చింపింది.

టెండరు తెరిచే రోజు మదనపల్లెలో మంచు. కొండలమీద నుంచి దిగిన మంచు ఆఫీసు వరండా దాకా వచ్చి, లోపలికి పిలుపు రాని మనిషిలాగా అక్కడే ఆగింది. సూట్‌కేసులు పట్టుకున్న కంట్రాక్టర్ల పక్కన మైమూన్ బీ, రబియా మంచి చీరలు కట్టుకుని నిలబడ్డారు. ఈసారి నవ్వొచ్చు అని నరసింహప్ప ముందే చెప్పాడు. అయినా రబియాకు నవ్వు రాలేదు. బల్లమీద వరసగా పెట్టిన బొంతలను ఆఫీసరు ఒక్కొక్కటే తడుముతూ వచ్చి, వీళ్ళదాని మీద చెయ్యి పెట్టి కాసేపు తియ్యలేదు. ధరా వీళ్ళదే తక్కువైంది, సరుకూ వీళ్ళదే నచ్చింది. వీళ్ళ కుట్టు సంఘం పేరు చదివారు. ఎర్రలక్క కరిగించి, బొంత కట్టిన దారం ముడిమీద చుక్క చుక్కగా పోసి, పైన ముద్ర గుద్దారు. బొంతను ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు.

మైమూన్ బీ ఆ తాళం వైపే చూసింది. ఏదో తన బిడ్డను బడిలో చేర్చి వస్తున్నట్టు అనిపించింది. ఆ సంతోషం ఆమెకు కొత్త.

తర్వాత షెడ్డులో దూది మళ్ళీ గాలికెక్కింది. ఆకుపచ్చ చీర ముక్కముక్కగా మైమూన్ బీ కుట్టిన బొంతల్లోకి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ తమ తమ చీరలు చింపారు. సంక్రాంతి ముందర బొంతలన్నీ కట్టలు కట్టి బస్సు టాపుమీద వేసుకుని కుప్పం బయలుదేరారు. పలమనేరు దాటి బైరెడ్డిపల్లె వచ్చేసరికి మైమూన్ బీకి కునుకు పట్టింది. నెత్తిమీద అంత దూది ఉంటే బస్సు నేలమీద పోతోందా, మబ్బులమీద పోతోందా తెలియలేదు. బస్సు ఊగుతుంటే ఉయ్యాల ఊగినట్టే ఉంది.

కుప్పం హాస్టల్లో వార్డెను గురప్ప కాఫీ ఇప్పించాడు. తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించే మనిషి, మర్యాదస్థుడు. బొంతలు చూసుకోవడానికి మదనపల్లె నుంచి ఆఫీసరు వచ్చింది. శాంపిల్‌కు సీలు వేసిన ఆఫీసరు బదిలీ అయి, ఆ స్థానంలో ఈ అమరావతి కొత్తగా చేరింది. కోస్తా పిల్ల, చిన్న వయసు, మాట కచ్చితం. బొంత తీసి నాలుగు మూలలా నొక్కింది. ఒక మూల దగ్గర చెయ్యి ఆగింది.

"ఇక్కడ వేరేగా తగులుతోందేమిటి?"

కత్తెర తెప్పించి కుట్టు విప్పింది. వెలిసిపోయిన చీర ముక్క బయటికొచ్చింది. ఇంకోటి విప్పింది, ఇంకో చీర. అమరావతి మొహం ఎర్రబడింది.

"కొత్త గుడ్డకు ఒప్పుకుని పాతపేలికలు కుక్కుతారా? పోయినేడు ఎవడో ఇలాగే గోనెలూ చింపిరిగుడ్డలూ కుక్కి ఇచ్చాడట. హాస్టలంతా గజ్జి. ఇప్పటికీ కొందరికి మచ్చలు పోలేదు. ఆడవాళ్ళ సంఘం కదా అని మిమ్మల్ని నమ్మారు, మీరూ అంతేనా?"

ఆమె కోపంలో తప్పులేదు. పక్కనే నిలబడ్డ పిల్లల చేతులమీద ఆ మచ్చలు మైమూన్ బీకి కనిపిస్తూనే ఉన్నాయి. వారంలోగా పేలికలన్నీ తీసేసి తేవాలి, లేకపోతే కంట్రాక్టు రద్దు, సంఘం పేరు ఇక ఏ టెండరులోనూ ఉండదు. అంటే షెడ్డు ఉండదు.

"ఈ సంగతి నాకు యాల చెప్పలేదమ్మా?" అన్నాడు నరసింహప్ప, బయటికొచ్చాక.

"చెప్పేదేముండాదప్పా? బొంతంటేనే అది గదా."

ఆయన అరుగుమీద కూలబడ్డాడు. "ఊరికే ఇచ్చినపుడు నువ్వేం పెట్టినా అది ప్రేమ తల్లీ. కంట్రాక్టులో చెప్పకుండా పెడితే మోసం అంటారు" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు.

బొంతలన్నీ మళ్ళీ పుంగనూరుకు తెచ్చారు. కుట్లు విప్పారు. ఎవరి పేలికలు వాళ్ళు గుర్తుపట్టి తీసుకున్నారు. కుట్టడం ఎంత తేలికో విప్పడం అంత కష్టమని అందరికీ తెలిసిందే, చేతికి తెలియడం మాత్రం అప్పుడే. నాలుగో రోజుకు పని అయిపోయింది.

ఆ మధ్యాహ్నం మైమూన్ బీ తన పేలికలు మూటగట్టుకుని ఇంటికి వెళ్ళింది. నేలమీద ఒక్కొక్కటే పరిచి, చుక్కకు చుక్క కలుపుతూ పేర్చింది. చూస్తుండగానే చీర మళ్ళీ చీరయింది. ఇన్నేళ్ళకు దాన్ని ఇంత వెడల్పుగా చూడటం. పక్కనే ఒత్తిగిలి పడుకుంది. కళ్ళు మూసుకోగానే దూలానికి ఉయ్యాల ఊగింది. అందులోంచి చిన్న కాళ్ళు బయటికొచ్చాయి. "అమ్మీ, చలి" అంది సుగ్రా. "ఎక్కడమ్మా?" అంటే, "ఇక్కడ, ఇక్కడ గాలి వస్తోంది" అని మూల చూపించింది.

దిగ్గున లేచి చూస్తే, కొంగువైపు మూలలో జానెడు ఖాళీ. ఆ ముక్క ఎక్కడ పోయిందో ఆలోచించాక తెలిసింది. అది మదనపల్లెలో, ఇనప బీరువాలో, లక్కసీలు కింద ఉంది.

వెంటనే షెడ్డుకు పోయి, అక్కడే ఉన్న నరసింహప్పకు చెప్పింది. ఆయన రెండు చేతులా తల పట్టుకున్నాడు.

"శాంపిల్లో కూడా పెట్టినావా! సరే, ఎవరితో అనొద్దు. పేలికలు తీసేసిన సరుకు ఎల్లుండి ఇచ్చేస్తాం, ఆ బీరువా జోలికి ఎవరూ పోరు."

"అది తెచ్చుకోవాలప్పా. ఆయమ్మకు చెప్పి, ఇప్పించుకుని వస్తా."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే నువ్వే పోయి బుజాలు తడుముకుంటావా? శాంపిలే తప్పని తెలిస్తే టెండరే పోతాది!"

రబియా కూడా బతిమాలింది. మైమూన్ బీ వినలేదు. అందులో నిజాయితీ కొంత ఉన్నమాట నిజమే, తీసెయ్యమన్నాక ఒకటి దాచి ఉంచడం ఆమెకు మింగుడు పడలేదు. కానీ అసలు సంగతి చెప్పుకోవాలంటే, ఆమెను లాగింది ఆ జానెడు ఖాళీ. బిడ్డకు గాలి వస్తోంది.

మర్నాడు ముగ్గురూ మదనపల్లె ఆఫీసులో నిలబడ్డారు. నరసింహప్ప కుక్కిన పేనులా గోడకు అంటుకుపోయాడు. మైమూన్ బీ నేరుగా అమరావతి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"అన్నీ తీసేసినామమ్మా. ఒకటి మిగిలిపోయె. ఆ బీరువాలో ఉండే దాంట్లో కూడా పెట్టినా. అది కూడా తీసిచ్చేయండి."

అమరావతి బంట్రోతును పిలిచింది. తర్వాత బీరువా తెరిపించింది. లక్క చిట్లి బల్లమీద రాలింది. కుట్టు విప్పితే తలవైపు మూలన ఆకుపచ్చ ముక్క, పసుపు చుక్కలు, చెక్కుచెదరకుండా ఉంది. మైమూన్ బీ చెయ్యి చాచబోయి ఆగింది.

"ఎందుకు పెట్టారిది?" ఈసారి అమరావతి గొంతులో కోపం లేదు.

మైమూన్ బీ చెప్పింది. తల్లిపేలిక అంటే ఏమిటో, ఎందుకో, ఎట్లా ఉడకబెట్టి ఎండబెడతారో. మేలైంది పెట్టమంటే పెట్టానని. ఇది తన బిడ్డ ఉయ్యాలదని కూడా చెప్పింది. చెప్పాలనుకోలేదు, వచ్చేసింది.

అమరావతి ఆ ముక్కను వేళ్ళతో తడుముతూ కిటికీ వైపు చూసింది. ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. శాంపిలే చెల్లదంటే టెండరు మళ్ళీ పిలవాలి. అదంతా అయ్యేసరికి చలి పోతుంది, పిల్లలు ఈ ఏడు కూడా చాపలమీద ముడుచుకుని పడుకోవాలి.

"నరసింహప్పగారూ, ఒప్పందంలో ఏముంది? సరుకు ఎలా ఉండాలని?"

గోడ దగ్గర్నుంచి ఆయన ఒక అడుగు ముందుకొచ్చాడు. "సీలేసిన శాంపిల్ మాదిరే ఉండాలని ఉండాది మేడమ్."

"శాంపిల్లో ఈ గుడ్డ ఉంది. మీరు రేపు తెచ్చే సరుకులో లేదు."

"మీరే గదా మేడమ్ తీసేయమనింది..."

"నేను శాంపిల్ విప్పి చూడలేదు. అది నా తప్పు." ఆమె చిన్నగా నవ్వింది. అలసిపోయిన నవ్వు. "అన్నీ మళ్ళీ పెట్టండి. ప్రతి గుడ్డా నా కళ్ళముందు ఉడకాలి, నేనే పుంగనూరు వస్తాను. ఇంకో మాట. వచ్చే ఏడు టెండరులో ఈ సంగతి ముందే చెప్పండి. దాచిపెట్టిన మంచికి విలువ ఉండదమ్మా."

రబియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా నవ్వేసింది. ఆ ఆఫీసులో అంత నవ్వు ఎప్పుడూ వినిపించి ఉండదు. నరసింహప్ప కళ్ళు తుడుచుకున్నాడు. షెడ్డు నిలిచింది.

మైమూన్ బీ మాత్రం నవ్వలేదు. తెచ్చుకోవడానికి వచ్చిన ముక్క ఎదురుగా ఉంది. ఇంట్లో మిగతా చీరంతా నేలమీద పరిచి ఉంది. ఇది కూడా తీసుకెళ్తే ఉయ్యాల నిండుతుంది. అన్నీ మళ్ళీ పెట్టండి అన్నారంటే ఇదీ లోపలికి పోవాలి, అవీ పోవాలి. మొదటిసారి ఇచ్చినప్పుడు ఇంత కష్టం కాలేదు. తిరిగి చేతికొచ్చిన బిడ్డను మళ్ళీ పంపినట్టుంది.

రవికె అంచుకు గుచ్చుకున్న సూది తీసింది. అక్కడే నేలమీద కూర్చుని, ముక్కను దూది కింద సర్ది, తలవైపు మూల కుట్టుకుంటూ వచ్చింది. ఈసారి కళ్ళు మూతలు పడలేదు. కుట్టు ఎప్పుడూ లేనిది కొంచెం వంకర పోయింది. బంట్రోతు లక్క కరిగించి చుక్కలు వేశాడు, ముద్ర గుద్దాడు.

"ఆడ ఎలుకలు లేవు గదా నాయనా?" అని అడిగింది.

"ఇనప బీరువా అవ్వా, యాడనించి వస్తాయి" అన్నాడతను.

తిరుగు బస్సులో మంచు కమ్ముకుని కిటికీలోంచి ఏమీ కనిపించలేదు. బస్సు ఊగుతోంది. రబియా ఆమె భుజానికి ఆనుకుని నెమ్మదిగా అడిగింది.

"ఖాలా, ఆ ముక్క మళ్ళీ నీకు రాదా?"

ముందు సీట్లోంచి నరసింహప్ప వెనక్కి తిరిగాడు. "యాల రాదు? కంట్రాక్టు ఉండేంత వరకే వాళ్ళు పెట్టుకుంటారు. ఏదో ఒక ఏడు టెండరు మన చేయి జారి, షెడ్డు పనే ఆగిపోతే, ఆ పొద్దే శాంపిల్ వాపసు ఇచ్చేస్తారు. అది రూలు."

మైమూన్ బీ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నారు ఇద్దరూ. కాసేపటికి, కళ్ళు తెరవకుండానే అంది.

"అట్లయితే అది నాకు రాకుండా సూడప్పా."